కొలువులో అడవి కట్టాలి: పైన్ కాయలు, ఎండు కాయలతో జంతువుల బొమ్మలు

శారద_వైజాగ్ | ఆగస్టు 3

అందరికీ నమస్కారం. మా ఇంట్లో దసరాకి బొమ్మల కొలువు పెడతాం. అత్తయ్యగారి పెళ్లినాటి కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు కలిపి ఏడు మెట్లు నిండుతాయి. మెట్ల ముందు నేల మీద ఏటా ఒక పార్కు కడతాం. ఆవాలు, మెంతులు మొలకెత్తించి పచ్చిక చేస్తాం. ఈసారి పార్కు వద్దు, అడవి కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది. దానికి పదేళ్లు. జంతువులు కొనకూడదట, చెట్ల నుంచి రాలినవాటితో మనమే చేయాలట. నాకూ నచ్చింది.

సరంజామా బాగానే ఉంది. మేలో కొడైకెనాల్ వెళ్లినప్పుడు రోడ్డు వార రాలిన పైన్ కాయలు ఒక సంచెడు తెచ్చాం. జనవరిలో అరకు నుంచి తెచ్చినవి పది పన్నెండు ఉన్నాయి. బీచ్ వైపు ఏరుకున్న సరుగుడు కాయలు, మా వీధిలో రాలిన మహాగని కాయలు, తురాయి కాయలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు కష్టం చెబుతాను. అరకు కాయల్లో పెద్దదాన్ని తీసుకుని గుడ్లగూబ చేశాం. రేకుల మధ్య బూరుగు దూది కూరాం. కళ్లకి జామాయిల్ కాయలు, ముక్కుకి చింతగింజ ముక్క. రాత్రి లైటు కింద పెడితే అచ్చం మనల్నే చూస్తున్నట్టుంది. తర్వాత మూడు రోజులు ముసురు. నాలుగో రోజు పొద్దున్న లేచి చూస్తే రేకులన్నీ ముడుచుకుపోయాయి. ఒక కన్ను పక్కకి తిరిగింది, ఇంకోటి ఊడి కింద పడింది, దూదంతా బయటికి వచ్చేసింది. పాప ఒకటే ఏడుపు.

కొడైకెనాల్ కాయలదేమో ఇంకో కథ. అవి అసలు విచ్చుకోవడమే లేదు. మూడు నెలలుగా రాళ్లలా బిగుసుకునే ఉన్నాయి. ఎండలో పెట్టినా లాభం లేదు. వీటిని ఏం చేయాలి? ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి.

రాజమండ్రి_పద్మ | ఆగస్టు 3

అయ్యో, పాపకి ఎంత కష్టం వచ్చింది శారదగారూ. పూర్తిగా ఎండాక వార్నిష్ రెండు కోట్లు వేసి చూడండి. మా ఇంట్లో దండకి గుచ్చిన పైన్ కాయలకి అలాగే చేశాను. గుడ్లగూబ అంటే మీ అత్తయ్యగారు ఏమీ అనలేదా? మా వైపు ఇంట్లో పెట్టుకోనివ్వరు.

శారద_వైజాగ్ | ఆగస్టు 3

మొదట అన్నారు పద్మగారూ. లక్ష్మీదేవి వాహనమే కదా నానమ్మా అని పాప అనేసరికి, అయితే లక్ష్మీదేవి మెట్టు కిందే పెట్టండి అన్నారు.

హరిత_బోటనీ | ఆగస్టు 4

శారదగారూ, మీ గుడ్లగూబ పాడవలేదు. రెండు రోజులు పొడి గాలి తగలనివ్వండి, మళ్లీ విచ్చుకుంటుంది. ఎందుకో చెబితే మీకు పని తేలికవుతుంది.

పైన్ కాయలో ప్రతి రేకూ రెండు పొరలుగా ఉంటుంది. కింది వైపు పొర తడి పీల్చి బాగా ఉబ్బుతుంది, పై పొర అంతగా ఉబ్బదు. ఒకవైపు తడిసిన అట్ట వంకర తిరిగినట్టే రేకు కూడా లోపలికి వంగి మూసుకుంటుంది. ఆరితే వెనక్కి వంగి తెరుచుకుంటుంది. రేకులో ఉన్నవి చచ్చిన కణాలే, కాబట్టి చెట్టు నుంచి రాలి ఎన్నేళ్లయినా ఈ కదలిక ఆగదు. దీని లోపలి పనితీరు మీద 1997లో నేచర్ పత్రికలో చక్కటి చిన్న వ్యాసం వచ్చింది. చెట్టుకి దీనివల్ల లాభం ఏమిటంటే, ఒక్కో రేకు మీద రెండు రెక్కల గింజలు ఉంటాయి. పొడి రోజున రాలితే గాలికి దూరం ఎగురుతాయి. వాన రోజున రాలితే తల్లి కిందే పడతాయి. అందుకే తడి తగలగానే తలుపులు మూసేస్తుంది.

కొడైకెనాల్ సంగతి వేరు. ఆ వైపు నాటిన పైన్లలో పైనస్ పటూలా ఎక్కువ. దాని సొంత ఊరు మెక్సికో. దాని కాయలు జిగురుతో అతుక్కుని కొమ్మ మీదే ఏళ్ల తరబడి మూసుకుని ఉంటాయి, బాగా వేడి తగిలితే తెరుచుకుంటాయి. మీ దగ్గర ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంటే ట్రేలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కాయల్ని దూరం దూరంగా పెట్టి, 100 డిగ్రీల దగ్గర అరగంట నుంచి ముప్పావుగంట ఉంచండి. లోపల పురుగులుంటే అవీ చస్తాయి. పక్కనే నిలబడి చూసుకోవాలి. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు. ఆ జిగురుకి చాలా త్వరగా నిప్పంటుకుంటుంది.

ఇక బొమ్మ సంగతి. మీరు ఒక్కో కన్నునీ రెండు రేకుల మధ్య వంతెనలా అతికించి ఉంటారు. రేకులు కదిలితే వంతెన తెగుతుంది. ఈసారి కన్ను మొత్తం ఒకే రేకు మీద ఉండేలా అతికించండి. రెండో కన్ను ఇంకో రేకు మీద. అప్పుడు కాయ మూసుకున్నా కళ్లు రేకుతోపాటు కదులుతాయి గానీ ఊడవు. వార్నిష్ కదలికను కొంత తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. నిజంగా కదలకుండా ఉండాలంటే రేకు మొదట్లో, కాడకి అంటుకునే చోట, ఎపాక్సీ జిగురు చుక్క పెట్టాలి. మడత పడేది అక్కడే.

లెక్కల_మాస్టారు_నెల్లూరు | ఆగస్టు 4

హరితమ్మ చెప్పింది చదివి నా బల్ల మీద కాయని నీళ్ల గిన్నెలో వేసి పక్కన గడియారం పెట్టుకున్నాను. గంటంబావు పట్టింది పూర్తిగా మూసుకోవడానికి. రిటైరయ్యాక ఇంత తీరిగ్గా ఒక వస్తువుని చూడటం ఇదే మొదటిసారి.

శారదమ్మా, మీ పాపతో ఒక పని చేయించండి. కాయని బోర్లించి, కాడ వైపు నుంచి చూడమనండి. రేకులు మెలికలుగా పోతుంటాయి. సుద్దముక్కతో ఒక్కో మెలికకి ఒక్కో చుక్క పెట్టుకుంటూ మెలికలు ఎన్నో లెక్కపెట్టమనండి. ఒక వైపు తిరిగేవి 8, ఎదురు వైపు తిరిగేవి 13 ఉంటాయి చాలా కాయల్లో. చిన్నవాటిలో 5, 8. ఇవి ఫిబొనాచ్చి అంకెలు, ముందు రెండూ కలిపితే తర్వాతది వస్తుంది. ఫిబొనాచ్చి అనే ఇటలీ లెక్కలాయన వీటిని 1202లో రాశాడు. అంతకు ముందే 1150 ప్రాంతంలో మన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో ఇవే అంకెలు చెప్పాడు. బొమ్మకీ ఇది పనికొస్తుంది. దూది గానీ ఊలు గానీ కూరేటప్పుడు అడ్డంగా పోతే అతుకులు కనబడతాయి. మెలిక వెంట పోతే దారం దానంతటదే రేకుల కిందకి దాక్కుంటుంది.

మా సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు బోలెడు. ఆ కాయలు ఉసిరికాయ కన్నా చిన్నవి. వాటికి లవంగాలు నాలుగు కాళ్లుగా గుచ్చితే ఏదుపంది పిల్ల. లవంగం మొగ్గ కింద పాదంలా ఉంటుంది, చక్కగా నిలబడుతుంది. కాయ మీద ఎలాగూ చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని ఉంటాయి, తొలవక్కర్లేదు. మనవరాలికి ఒక సాయంత్రంలో పదిహేను చేసిచ్చాను.

హరిత_బోటనీ | ఆగస్టు 4

మాస్టారూ, ఒక చిన్న మాట. సరుగుడు కాయ చూడటానికి పైన్ కాయ పిల్లలా ఉన్నా రెండూ చుట్టాలు కావు. సరుగుడు పూలు పూసే చెట్ల జాతి. పైన్ పువ్వే పూయదు. ఇంకో సంగతి, దక్షిణ భారతంలో ఏ పైనూ సహజంగా పెరిగింది కాదు. అరకులోవి, ఊటీలోవి, కొడైకెనాల్‌లోవి అన్నీ నాటినవే. పైన్ చుట్టాలైన కోనిఫర్ చెట్లలో మన దక్షిణాదికి సొంతమైనది నగేయా వల్లిచియానా ఒక్కటే. అది పడమటి కనుమల్లో ఉంటుంది, దానికి ఇలాంటి కాయ రాదు.

శారద_వైజాగ్ | ఆగస్టు 7

హరితగారూ, పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఓటీజీ ముందు నేను, పాప, అత్తయ్యగారు ముగ్గురం స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత లోపల నుంచి సన్నగా టిక్, టిక్ అని చప్పుడు. ఆవాలు చిటపటలాడుతున్నట్టే. అద్దంలోంచి చూస్తే కొన దగ్గర ఒక రేకు లేచింది. దాని పక్కది లేచింది. తర్వాత మెలిక వెంట ఒకదాని వెనక ఒకటి, ఎవరో లోపల నుంచి తలుపులు తీసుకుంటూ వస్తున్నట్టు. ఇల్లంతా గుడిలో సాంబ్రాణి వేసిన వాసన. నలభై నిమిషాలకి తీశాను. ట్రేలో కాయల చుట్టూ గింజలు రాలి ఉన్నాయి. ఒక్కో గింజకి ఈగ రెక్కలాంటి పల్చటి రెక్క. పాప ఒకటి తీసి ఫ్యాన్ కింద వదిలితే గిరగిరా తిరుగుతూ సోఫా వెనక్కి పోయింది. ఇక ఆ రోజు ఇంకో పని జరగలేదు.

రేకుల కొసల మీద జిగురు కరిగి మెరుస్తోంది, వార్నిష్ వేసినట్టే ఉంది. గుడ్లగూబ కూడా మళ్లీ విచ్చుకుంది. కళ్లు తీసేసి, ఒక్కో రేకు మీద ఒకటి పెట్టాం.

తుమ్మచెట్టు_పాలమూరు | ఆగస్టు 8

శారదక్కా, మంచి పని పెట్టుకున్నరు. ఒక మాట అడుగుత, తప్పుగా అనుకోవద్దు. పైన్ కాయల కోసం కొడైకెనాల్ దాకా ఎందుకు? మన చెట్ల కింద ఎన్ని రకాలున్నయో చూడండి. పైన్ కాయకి ఒకటే రూపు. మన కాయలకి ఒక్కోదానికి ఒక్కో రూపు.

నల్లతుమ్మ కాయ పూసల దండ లెక్క ఉంటది, ప్రతి గింజ దగ్గర ఉబ్బి, మధ్యల సన్నగైతది. దాన్ని కొంచెం వంచి పెడితే గొంగళిపురుగు. కొత్తగా ఏం చెయ్యక్కర్లేదు, రెండు ఆవగింజలు కండ్లుగా అతికిస్తే చాలు. రేల కాయ మూరెడు పొడుగు, గుండ్రంగ, నల్లగ. దాన్ని ఊపితే లోపల గింజలు గలగలమంటయి. అది కొండచిలువ, లేకుంటే కింద పడ్డ చెట్టు మాను. తెల్లమద్ది కాయకి అయిదు రెక్కలుంటయి, అడ్డంగ కోస్తే నక్షత్రం. మద్ది చెట్లు రోడ్ల వెంట కూడా నాటిన్రు, కాయలు ఊరికే పడి ఉంటయి. తురాయి కాయ మూరకి పైనే ఉంటది. చిన్నప్పుడు కత్తులు చేసుకుని ఆడుకున్నం కదా. చీలిస్తే లోపల గింజ గింజకి ఒక గది. పడవ అయితది, మెట్ల వంతెన అయితది.

నెమలి ఎట్ల చెయ్యాల్నో మాత్రం నేను చెప్త. ఒంటికి పైన్ కాయ ఒకటి అడ్డంగ పెట్టుండ్రి, కాదనను. తోక మాత్రం తంగేడు కాయలే. సన్నగ, పల్చగ, గోధుమ రంగుల ఉంటయి. ఇరవై ముప్పై కాయల్ని విసనకర్ర లెక్క పరచి, మొదట్ల తీగతోని కట్టి, కాయ వెనక రేకుల్ల గుచ్చాలె. ఒక్కో కాయ కొసకి ఒక జాఫ్రా గింజ అద్దితే కన్ను. బతుకమ్మకి పువ్వు తెంపంగ మిగిలిన చెట్లకి కాయ అదే సమయానికి ఎండి ఉంటది. ఇంకా టైం ఉంది మీకు.

శారద_వైజాగ్ | ఆగస్టు 8

తమ్ముడూ, తప్పుగా ఎందుకనుకుంటాను. మా వీధి చివర రేల చెట్టుంది. నిన్నటి దాకా దాని కాయ చూస్తూ నడిచిపోయాను. జాఫ్రా కాయలు అరకు వైపు దొరుకుతాయి. ఆ కాయే ముళ్లతో ఉంటుంది, అదీ ఒక జంతువు అవుతుందేమో.

కొండపల్లి_వాణి | ఆగస్టు 11

నేను మెట్టింది కొండపల్లిలో, బొమ్మలు చేసే ఇంట్లో. జిగురు గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

గ్లూ గన్ అందరూ వాడతారు. తొందరగా పట్టుకుంటుంది నిజమే. కానీ ఎండలో పెట్టిన కారులో బొమ్మని వదిలితే మెత్తబడి జారిపోతుంది. పైన్ జిగురు అంటిన చోట అసలు పట్టుకోదు, ముందు సాండ్ పేపర్‌తో గీరాలి. ఫెవిక్విక్ చెక్క మీద తెల్లగా పొడి పట్టినట్టు మచ్చ చేస్తుంది. ఫెవికాల్ మంచిది, కానీ ఒక రాత్రి కదపకుండా ఉండనివ్వాలి, దారంతో కట్టి ఉంచాలి.

మా ఇంట్లో బొమ్మకి చెయ్యి, కాలు, తల అతికేది మక్కుతో. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి మెత్తగా రుబ్బుతాం. ఆ ముద్దని నీళ్లలో ఉడికిస్తే జిగురవుతుంది. అందులో రంపపు పొట్టు జల్లెడ పట్టి కలిపితే మక్కు. మేం బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర తేలికగా ఉంటుంది కాబట్టి దానికి ఇది సరిగ్గా సరిపోతుంది. మీ కాయలకి ఇంకా బాగా సరిపోతుంది, ఎందుకంటే ఎండాక కాయ రంగులోనే ఉంటుంది. గ్లూ గన్ తీగలు తీగలుగా మెరుస్తూ కనబడుతుంది, మక్కు కనబడదు. అతుకు మీద వేలు తడి చేసి రుద్దితే మెడకి, ఒంటికి తేడా లేకుండా కలిసిపోతుంది. జింకకి మెడ ఎలా వస్తుందంటే, కాయ కొనలో తీగ గుచ్చి, తీగ చుట్టూ మక్కు పట్టించి, దాని మీద మహాగని రేకు ముక్కని చెవిగా పెడితే వస్తుంది. ముందు రోజు ఒంటికి కాళ్లు, తర్వాతి రోజు మెడ. ఒకేరోజు అన్నీ పెడితే బరువుకి కుంగుతుంది.

కాళ్లకి పుల్లలు ఊరికే అతికించొద్దు. సన్నటి రాగి తీగని అడుగు వరస రేకుల మధ్య నుంచి చుట్టూ తిప్పి, కిందకి దింపి, దాని మీద పుల్ల కట్టి, అప్పుడు మక్కు వేయండి. తీగ రేకుల కింద దాక్కుంటుంది. తోరణానికి గుచ్చినా ఇదే పద్ధతి.

రాజమండ్రి_పద్మ | ఆగస్టు 12

వాణిగారూ, మక్కు గురించి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. రేపే చింతగింజలు వేయిస్తాను. శారదగారూ, కళ్లకి గురివింద గింజలు పెట్టండి. ఎర్రగా, మధ్యలో నల్ల చుక్కతో, కన్ను చేసి ఇచ్చినట్టే ఉంటాయి. గురివింద కింద నలుపు సామెత ఉంది కదా, ఆ నలుపే కంటిపాప.

హరిత_బోటనీ | ఆగస్టు 12

పద్మగారూ, దయచేసి పిల్లలున్న ఇంట్లో గురివింద వద్దు. చూడటానికి అంతకంటే అందమైన గింజ లేదు, ఒప్పుకుంటాను. కంసాలులు బంగారం తూచింది కూడా దాంతోనే. కానీ లోపల అబ్రిన్ అనే విషం ఉంది. పైపెంకు గట్టిది కాబట్టి పొరపాటున మింగినా చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలినా, సూదితో తొలిచినా విషం బయటికి వస్తుంది. పూసలా గుచ్చడానికి రంధ్రం చేసేటప్పుడు లేచే పొడి కూడా ప్రమాదమే. ఆముదం గింజ కూడా ఇంతే, అందులో రిసిన్ ఉంటుంది. కొలువు చూడటానికి పేరంటానికి ఎంతమంది చంటిపిల్లలొస్తారు, ఏ గింజ ఎవరి నోట్లోకి పోతుందో మనం చూడలేం.

కళ్లకి మిరియాలు, ఆవాలు వాడండి. పెద్ద కళ్లకి సపోటా గింజ బాగుంటుంది, నల్లగా మెరుస్తూ అంచున తెల్లగీతతో. గుడ్లగూబకైతే జామాయిల్ కాయ గిన్నెలో మిరియం కూర్చోబెట్టండి.

రాజమండ్రి_పద్మ | ఆగస్టు 12

తెలియక చెప్పాను. మా మనవడి ఆటబొమ్మలో ఆరు గురివిందలున్నాయి, ఇప్పుడే తీసేశాను. మంచి పని చేశావమ్మా చెప్పి.

ఎస్పో_సుజాత | ఆగస్టు 19

ఫిన్లాండ్ నుంచి రాస్తున్నాను. ఈ థ్రెడ్ చదువుతుంటే మా పక్కింటి పెద్దావిడ గుర్తొచ్చారు. ఇక్కడ పైన్ కాయకి నాలుగు పుల్లలు గుచ్చి ఆవు అంటారు. దాని పేరే క్యాప్యులెహ్మ, అంటే కాయ ఆవు. బొమ్మలు కొనలేని రోజుల్లో పల్లెల్లో పిల్లలందరి ఆటా ఇదే. మా పక్కింటావిడ పొడుగాటి స్ప్రూస్ కాయల్ని ఆవులుగా, పొట్టి పైన్ కాయల్ని గొర్రెలుగా చేసి, పుల్లలతో దొడ్డి కట్టి మా బాబుకి చూపించారు. కళ్లు లేవు, తోకా లేదు. నాలుగు కాళ్లు మాత్రమే. బాబు ఆ ఆవుల్ని సాయంత్రం దాకా మేపాడు.

మన బొమ్మల్లో కన్ను, ముక్కు, రెక్క అన్నీ పెడతాం. బాగుంటుంది. కానీ చిన్నపిల్లలు తామే చేసుకునేందుకు ఈ ఆవు లాంటిది ఒకటి కొలువులో ఉండనివ్వండి శారదగారూ. పేరంటానికి వచ్చిన పిల్లల చేతికి ఒక కాయ, నాలుగు అగ్గిపుల్లలు ఇస్తే చాలు. అగ్గిపుల్లల తలలు తుంచేసి ఇవ్వండి.

ఇంకో విషయం. ఇక్కడ ఎవరి అడవిలోనైనా నేల మీద రాలిన కాయలు, ఎండు పుల్లలు ఏరుకోవచ్చు. చట్టంలోనే ఉంది. చెట్టు మీది కొమ్మ మాత్రం విరవకూడదు.

సియాటిల్_శ్రీను | ఆగస్టు 20

ఇక్కడ అలా కాదు సుజాతగారూ. అమెరికాలో నేషనల్ పార్కుల్లో రాలిన పైన్ కాయ ఒక్కటి కూడా తెచ్చుకోకూడదు. మాకు కాయలు కావాలంటే ఇంటి పెరడు, వీధి చెట్లే దిక్కు. మన దగ్గరా అభయారణ్యాల్లోంచి ఏదీ తీసుకురాకూడదు, అది గుర్తుంచుకోవాలి. ఇండియా నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లు కాయలు, గింజలు, వాటితో చేసిన బొమ్మలు తెస్తే విమానాశ్రయంలో తప్పకుండా డిక్లేర్ చేయండి. మా అత్తగారు ప్రేమగా తెచ్చిన దండని అక్కడే వదిలేయాల్సి వచ్చింది.

మా వీధిలో డగ్లస్ ఫర్ చెట్లు ఎక్కువ. దాని కాయ చూస్తే మీ పాప ఎగిరి గంతేస్తుంది. ప్రతి రేకు కింద నుంచి మూడు కొసల పల్చటి ముక్క ఒకటి బయటికి వస్తుంది. మధ్యది పొడుగు, పక్కవి పొట్టి. రేకు కింద ఎలుక దూరి, తోక, రెండు వెనక కాళ్లు మాత్రం బయట మిగిలినట్టు ఉంటుంది. అడవి అంటుకున్నప్పుడు ఎలుకలు ప్రాణాలు దక్కించుకోవడానికి ఈ చెట్టు కాయల్లో దూరాయని ఇక్కడ పిల్లలకి చెబుతారు. మా అమ్మాయి కాయల్ని బొమ్మగా చేయనివ్వదు. లోపల ఎలుకలు నిద్రపోతున్నాయట.

డెహ్రాడూన్_రావు | ఆగస్టు 24

ఉద్యోగ రీత్యా పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఉన్నాను. ఇక్కడి చీడ్ పైన్ కాయ జానెడు దాకా ఉంటుంది, రేకు కొస వెనక్కి తిరిగి గద్ద ముక్కులా గట్టిగా ఉంటుంది. నెమలి ఒంటికి, ఏదుపందికి ఇంతకంటే మంచిది లేదు. దేవదారు కాయది ఇంకో తీరు. అది చెట్టు మీదే రేకులు రాల్చేస్తుంది, చివరికి పై కొస మాత్రం ఒక ముక్కగా కింద పడుతుంది. పడింది పడినట్టే గులాబీ పువ్వు. రేకు, రేకు సర్దినట్టు ఉంటుంది. ముస్సోరీ వైపు నడకలో ఏరి దగ్గర పెట్టుకున్నాను, దసరాకి వైజాగ్ వచ్చే మా బంధువుల చేత మీకు పంపగలను.

ఒక హెచ్చరిక. వేసవిలో ఇక్కడి కొండలు కాలినప్పుడు చూశాను. నిప్పంటిన పైన్ కాయ వాలు వెంట దొర్లుకుంటూ పోయి కింద ఉన్న గడ్డిని అంటిస్తుంది. అంత జిగురు ఉంటుంది దానిలో. కొలువు ముందు దీపాలు, హారతి పళ్లెం, అగరవత్తులు అన్నీ ఉంటాయి కదమ్మా. అడవిని దీపానికి కనీసం నాలుగడుగుల దూరంలో కట్టండి. దీపావళికి ప్రమిదల చుట్టూ పైన్ కాయలు పేర్చే ఫొటోలు చూస్తుంటాను. దయచేసి ఎవరూ అలా చేయకండి.

రాజమండ్రి_పద్మ | ఆగస్టు 25

నేను పోయినేడు అదే చేశాను రావుగారూ. ఈసారి లైట్ల తీగ చుడతాను. కాయలకి బంగారు స్ప్రే వేయొచ్చా?

తుమ్మచెట్టు_పాలమూరు | ఆగస్టు 25

పద్మమ్మా, దండకి వేసుకోండి గానీ అడవి బొమ్మలకి వద్దు. బంగారు రంగు పడితే అది తుమ్మ కాయనో మద్ది కాయనో తెలవదు. ఆ గోధుమ రంగుల్లనే ఎన్ని తీర్లున్నయో చూడండి.

కొండపల్లి_వాణి | ఆగస్టు 25

నా మాటా అదే. రంగుల ఇంట్లో ఉండి చెబుతున్నాను, వీటికి రంగు వద్దు. ఏదుపంది ముళ్ల కొసలకి సుద్ద నీళ్లు మాత్రం కొంచెం అద్దండి, ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

శారద_వైజాగ్ | సెప్టెంబరు 6

మళ్లీ టెన్షన్ వచ్చింది. రేల కాయతో కొండచిలువ, నిద్రగన్నేరు కాయలతో తాబేలు చేసి అట్టపెట్టెలో పెట్టాను. ఈ రోజు చూస్తే కొండచిలువ ఒంటి నిండా సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, అడుగున పిండిలాంటి పొడి. తాబేలుకి చీమలు పట్టాయి.

హరిత_బోటనీ | సెప్టెంబరు 6

రేల కాయలో గింజ పురుగులు ఉంటాయి. చెట్టు మీద ఉన్నప్పుడే గుడ్లు పెడతాయి, పెద్దవయ్యాక తొలుచుకుని బయటికి వస్తాయి. కాయల్ని పాలిథిన్ కవర్లో గట్టిగా మూటకట్టి ఫ్రీజర్‌లో అయిదు రోజులు ఉంచండి. తీశాక కవర్ వెంటనే విప్పొద్దు, చెమ్మ పడుతుంది. మామూలు వేడికి వచ్చాక విప్పి ఎండలో పెట్టండి. ముందే చేసి ఉంటే రంధ్రాలు వచ్చేవి కావు, చెప్పడం నేనే మరిచిపోయాను. నిద్రగన్నేరు కాయలో తియ్యటి గుజ్జు ఉంటుంది, చీమలు వదలవు. తాబేలు డొప్పకి జకరండ కాయ చూడండి. గుండ్రంగా, పల్చగా, రెండు చిప్పలుగా విడుతుంది. గుజ్జు ఉండదు.

లెక్కల_మాస్టారు_నెల్లూరు | సెప్టెంబరు 7

రంధ్రాలు పడ్డ కొండచిలువని పారేయొద్దమ్మా. మక్కుతో పూడ్చి చూడండి. ఒంటి మీద మచ్చల్లా ఉంటాయి.

శారద_వైజాగ్ | అక్టోబరు 14

నిన్న కొలువు ఎత్తేశాం. తొమ్మిది రోజులూ ఇక్కడ ఒక ముక్క రాయడానికి తీరలేదు, క్షమించాలి.

అడవి మెట్లకి ఎడమ పక్కన, దీపాలకి దూరంగా కట్టాం. రావుగారు పంపిన దేవదారు గులాబీలు సరస్వతీదేవి పాదాల దగ్గర పెట్టాం. ఎన్ని చేశామో లెక్కపెడితే జింకలు నాలుగు, ఏదుపందులు ఇరవై పైనే, నెమలి ఒకటి, గొంగళిపురుగులు, మచ్చల కొండచిలువ, జకరండ తాబేలు. నెమలి తోకకి తంగేడు కాయలు ఇరవై ఆరు పట్టాయి. మొదటిసారి కట్టినప్పుడు ముందుకి వాలిపోయింది. కాయ కింద బరువుకి గచ్చకాయ ఒకటి మక్కుతో అతికించాక నిలబడింది. తమ్ముడూ, నువ్వు చూడాల్సింది. కిటికీ వెలుగు పడితే ఆ పల్చటి కాయల్లో గింజల నీడలు వరసగా కనబడ్డాయి, ఈకల మీద కళ్లలాగే. జాఫ్రా గింజలు అద్దక్కర్లేకపోయింది.

వాణిగారి మక్కు అత్తయ్యగారు కలిపారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పుస్తకాల అట్టలు అతికించడానికి చింతగింజల జిగురు కాచేవారట. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

సుజాతగారూ, ఒక పళ్లెంలో సరుగుడు కాయలు, తలలు తుంచిన అగ్గిపుల్లలు పెట్టాను. పేరంటానికి వచ్చిన పిల్లలు పెద్ద నెమలిని ఒకసారి చూసి, పళ్లెం దగ్గరే కూర్చుండిపోయారు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో ఆవుని పట్టుకెళ్లారు.

మూలా నక్షత్రం రోజు వాన పడింది. మధ్యాహ్నానికల్లా గుడ్లగూబ ముడుచుకోవడం మొదలుపెట్టింది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. కళ్లు రెండూ వాటి రేకులతో పాటు మెల్లగా పైకి లేచి దగ్గరికొచ్చాయి, ఊడలేదు. నిద్రకి పడుతున్నట్టు ముఖం చిన్నదైంది. పాప వచ్చినవాళ్లందరికీ అదే చూపించింది. రెండో రోజు ఎండ కాసింది. సాయంత్రానికి మళ్లీ కళ్లు విప్పింది.

ఇప్పుడు వీటిని దాచడం ఎలా? అట్టపెట్టెలోనా, సంచిలోనా?

కొండపల్లి_వాణి | అక్టోబరు 14

పాత నూలు చీర ముక్కల్లో ఒక్కోదాన్ని విడిగా చుట్టి, వెదురు బుట్టలో పెట్టండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. పైన వేపాకు ఎండబెట్టి చల్లండి. నెమలి తోక విప్పి, కాయలు వరసగా పడుకోబెట్టండి. తోక మాత్రం ఏటా కొత్తగా కట్టుకోవాలి.

శారద_వైజాగ్ | అక్టోబరు 14

అలాగేనండి. గుడ్లగూబని మాత్రం పాప దాచనివ్వడం లేదు. చదువుకునే బల్ల మీద, కిటికీ పక్కన పెట్టుకుంది. స్కూలుకి వెళ్లే ముందు దాని ముఖం చూసి గొడుగు తీసుకెళుతోంది.